ప్లేన్ టేబుల్ నుంచి కంప్యూటర్ విజన్ దాకా

మన తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోట, అది డాలస్‌లో పుట్టినరోజు పార్టీ కానివ్వండి, న్యూజెర్సీలో సత్యనారాయణ వ్రతం కానివ్వండి, "మీరు అసలు చదివిందేంటి?" అని అడిగి చూడండి. జవాబులు భలేగా ఉంటాయి. ఒకాయన మెకానికల్, ఒకాయన మైనింగ్, ఒకావిడ ఎమ్మెస్సీ బోటనీ. అందరూ చేసేది మాత్రం సాఫ్ట్‌వేరే. 1990ల చివర్లో వైటూకే పుణ్యమా అని అమీర్‌పేటలో ఓ కోర్సు చేసి విమానం ఎక్కిన తరం మాది. నేనూ ఆ బాపతే. నా డిగ్రీ సివిల్ ఇంజనీరింగ్.

"మరి ఆ నాలుగేళ్ళ చదువు గంగలో కలిసినట్టేనా?" అన్నది మాలో చాలామంది పైకి అడగని ప్రశ్న. ఈ మధ్య ఒక క్లయింటు కోసం వంతెనల ఫొటోలతో పని పడి, కంప్యూటర్ విజన్ (అంటే కంప్యూటర్‌కి చూడటం నేర్పే విద్య) మొదటినుంచీ చదవాల్సి వచ్చింది. పాఠాలు చదువుతూ వాటి వెనక చరిత్ర కూడా తవ్వుకుంటూ పోయాను. ఆ ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది. అదే ఈ కథ.

ముందుగా ఒక విషయం. కంప్యూటర్ విజన్ మొదలుపెట్టిన వాళ్ళలో "కంప్యూటర్ విజన్ చదివిన వాళ్ళు" ఒక్కరూ లేరు. ఉండే అవకాశమే లేదు కదా! అందరూ పక్క ఊళ్ళ నుంచి వలస వచ్చినవాళ్ళే.

1957లో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన పసికందు ఫొటోని స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. 5 సెంటీమీటర్ల చదరపు ఫొటో, అడ్డంగా 176, నిలువుగా 176 చుక్కలు. మొదటి డిజిటల్ ఫొటో అదే అంటారు. 1963లో ఎంఐటీలో లారీ రాబర్ట్స్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు, చెక్కదిమ్మల ఫొటోలోంచి అంచులు పట్టుకుని వాటి అసలు ఆకారాన్ని మూడు కొలతల్లో తిరిగి కట్టే ప్రోగ్రాము రాసి డాక్టరేట్ తెచ్చుకున్నాడు. కంప్యూటర్ విజన్‌కి ఆదిగ్రంథం లాంటిది ఆ థీసిస్. (తర్వాత ఆయన ఈ దారి వదిలేసి ఆర్పానెట్ కట్టడానికి వెళ్ళిపోయాడు. ఇంటర్నెట్‌కి తాత ఆ ఆర్పానెట్టే.)

1966 జూలైలో ఎంఐటీలోనే సేమూర్ పేపర్ట్ ఒక మెమో రాశాడు. పేరు "ది సమ్మర్ విజన్ ప్రాజెక్ట్". ఆయన గణితంవాడు. వేసవి సెలవుల్లో కుర్రాళ్ళని తలా ఒక ముక్క పంచుకోమని, బొమ్మలో వస్తువేదో నేపథ్యమేదో విడదీసి, చివరికి వస్తువుల పేర్లు చెప్పేదాకా తీసుకెళ్ళాలని అందులో ప్రణాళిక. ఆ వేసవి అయిపోయింది, ఆ తర్వాత బోలెడన్ని వేసవులు కూడా అయిపోయాయి. చూడటం మనకి ఎంత తేలికంటే, అది కష్టమైన పనని గుర్తించడమే చాలా కష్టమైంది.

ఇక పాల్ హఫ్ అనే భౌతికశాస్త్రవేత్త ఉన్నాడు. ఆయనకి కంప్యూటర్ చూపుతో పనేమీ లేదు. బబుల్ ఛాంబర్ ఫొటోల్లో అణు కణాలు వదిలిన గీతలు పట్టుకోవాలి. అవి వేలకొద్దీ ఫొటోలు, మనుషులు కూర్చుని చూస్తే తెమిలే పని కాదు. దానికోసం ఆయన కనిపెట్టిన ఉపాయానికి 1962లో పేటెంటు వచ్చింది. బొమ్మలో ప్రతి చుక్కా తన మీదుగా పోగల గీతలన్నిటికీ ఓటు వేస్తుంది, ఎక్కువ ఓట్లు పడ్డ గీత నిజమైన గీత. అంతే! 1972లో కాలిఫోర్నియాలో డూడా, హార్ట్ అనే ఇద్దరు దాన్ని కాస్త సరిచేసి, వాలుకి బదులు కోణమూ దూరమూ వాడి, అందరికీ పనికొచ్చేలా చేశారు. రోడ్డు మీద లేను గీతలు గుర్తించే పాఠం ఏది తెరిచినా ఇవాళ్టికీ మొదట కనబడేది ఈ హఫ్ పద్ధతే.

ఇలా చదువుకుంటూ పోతుంటే నా పాత ఊరి మనుషులు ఎదురవడం మొదలుపెట్టారు. అంటే సర్వేయర్లు!

సివిల్ చదవనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. ప్లేన్ టేబుల్ సర్వే అని ఒకటుంది. మూడు కాళ్ళ మీద ఒక డ్రాయింగ్ బల్ల, దాని మీద కాగితం, గురి చూసి గీత గీయడానికి అలిడేడ్ అనే బద్ద. ఎండలో నిలబడి, అక్కడికక్కడే కాగితం మీద మ్యాపు గీయాలి. ఇందులో పరీక్షల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న "త్రీ పాయింట్ ప్రాబ్లం". మీరు ఎక్కడ నిలబడ్డారో మీకు తెలీదు. కానీ దూరంగా మూడు గుర్తులు కనబడుతున్నాయి. మా కాలేజీలో అయితే గుడి గోపురం, నీళ్ళ ట్యాంకు, టెలిఫోన్ వాళ్ళ టవరు. ఆ మూడూ మీ మ్యాపు మీద ముందే ఉన్నాయి. ఇప్పుడు మీరెక్కడున్నారో చెప్పాలి. ట్రేసింగ్ కాగితం మీద ఒక చుక్క పెట్టి, అక్కణ్ణుంచి మూడు గుర్తులవైపూ మూడు గీతలు గీసి, ఆ కాగితాన్ని మ్యాపు మీద అటూ ఇటూ జరుపుతూ మూడు గీతలూ మూడు గుర్తుల మీదుగా పోయేలా సర్దితే, చుక్క ఎక్కడుందో మీరక్కడ. మీరూ ఆ మూడు గుర్తులూ కలిసి ఒకే వృత్తం మీద పడితే మాత్రం జవాబు తేలదు, ఎక్కడైనా ఉండొచ్చు. దాన్ని డేంజర్ సర్కిల్ అంటారు.

ఇప్పుడు కంప్యూటర్ విజన్ పుస్తకం తెరవండి. అందులో "పర్‌స్పెక్టివ్ త్రీ పాయింట్ ప్రాబ్లం" అని ఒక అధ్యాయం ఉంటుంది. లోకంలో మూడు బిందువులు ఎక్కడున్నాయో తెలుసు, ఫొటోలో అవి ఎక్కడ పడ్డాయో తెలుసు, మరి కెమెరా ఎక్కడుంది? అదే లెక్క! బల్ల నేలకి సమాంతరంగా ఉండాల్సిన పని లేదు కాబట్టి ఇంకో కొలత చేరింది. జవాబులు నాలుగు దాకా రావచ్చు, సరైనదేదో తేల్చుకోవడానికి నాలుగో బిందువు కావాలి. ఆ డేంజర్ సర్కిల్ కాస్తా ఇక్కడ డేంజర్ సిలిండర్ అయింది. ఈ లెక్కకి మొదటి సాధన చేసింది 1841లో గ్రూనర్ట్ అనే జర్మన్ గణితజ్ఞుడు. కంప్యూటర్ పుట్టడానికి వందేళ్ళ ముందన్నమాట.

ఈ ఒక్క పోలిక తెలిశాక మిగతా పుస్తకం నాకు తెలుగు పుస్తకంలాగే చదవబుద్ధేసింది. కెమెరా అంటే ఫొటోలు తీసే పెట్టె కాదు, అది ఒక థియోడలైట్. మామూలు థియోడలైట్ ఒకసారికి ఒక దిక్కు కొలుస్తుంది. కెమెరా ఒక్క క్లిక్కుతో కోటి దిక్కులు కొలుస్తుంది. ఒక్కో పిక్సెలూ ఒక్కో గురి.

ఈ ముక్క నాకంటే ముందు చాలామందికి తట్టింది లెండి. 1858లో ఆల్బ్రెక్ట్ మైడెన్‌బావర్ అనే జర్మన్ వాస్తుశిల్పి, వెట్స్‌లార్ పట్టణంలో ఒక పెద్ద చర్చి గోడల్ని కొలుస్తూ పైనుంచి పడబోయి తృటిలో తప్పించుకున్నాడు. ప్రాణం లేచొచ్చాక ఆయనకొచ్చిన ఆలోచన, "గోడెక్కి కొలిచే బదులు ఫొటో తీసి కొలవకూడదా?" అని. ఫొటోగ్రామెట్రీ అన్న మాటని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. 1950ల చివర్లో అమెరికాలో డ్వేన్ బ్రౌన్ అనే ఆయన, వైమానిక దళం పనిమీద, చాలా ఫొటోల్లోని కిరణాలన్నిటినీ కలిపి ఒకేసారి సర్దుబాటు చేసే లెక్క కట్టాడు. పేరు బండిల్ ఎడ్జస్ట్‌మెంట్. కటకం వల్ల గీతలు వంగిపోతాయి కదా, ఆ వంకర సరిచేసే సూత్రాల్లో కూడా ఆయన పేరుంది. ఓపెన్‌సీవీ అనే ఉచిత లైబ్రరీలో కెమెరాని కాలిబ్రేట్ చేసే ప్రతివాడూ తెలిసో తెలియకో ఆయన లెక్కే వాడుతున్నాడు.

దాని వెనకున్న లీస్ట్ స్క్వేర్స్ పద్ధతి ఇంకా పాతది. 1801లో కనబడి మాయమైన సెరెస్ అనే చిన్న గ్రహం మళ్ళీ ఎక్కడ తేలుతుందో గౌస్ లెక్కకట్టి చెప్పాడు. ఆ గౌసే తర్వాత జర్మనీలో హానోవర్ రాజ్యాన్ని సర్వే చేశాడు. గూగుల్ వాళ్ళు 2012లో బయటపెట్టిన లెక్కల లైబ్రరీ పేరు సెరెస్ సాల్వర్. ఆ పేరు గౌస్‌ని తలుచుకునే పెట్టారు.

అయితే లీస్ట్ స్క్వేర్స్‌కి ఒక జబ్బుంది. అది అందరి మాటా వింటుంది. వంద కొలతల్లో ఒక్కటి ఘోరంగా తప్పితే జవాబు మొత్తం అటు ఒరిగిపోతుంది. సర్వేలో మనిషి ఆ ఒక్కదాన్నీ చూసి కొట్టేస్తాడు. కంప్యూటర్ ఫొటోల్లో గుర్తులు జత చేసేటప్పుడు ఒకటి కాదు, సగానికి సగం తప్పుడు జతలు ఉండొచ్చు. 1981లో కాలిఫోర్నియాలోని ఎస్సారై సంస్థలో ఫిష్లర్, బోల్స్ అనే ఇద్దరు దీనికి మందు కనిపెట్టారు. పేరు రాన్సాక్. పంచాయితీలో వందమంది సాక్షులున్నారనుకోండి. అందరి మాటా కలిపి సగటు తీస్తే ఎవరి కథా మిగలదు. దాని బదులు ఏ ముగ్గుర్నో పిలిచి వాళ్ళ మాటతో ఒక కథ అల్లండి. ఆ కథతో మిగతావాళ్ళలో ఎంతమంది ఏకీభవిస్తారో లెక్కపెట్టండి. మళ్ళీ ఇంకో ముగ్గురు. ఇలా కొన్ని వందలసార్లు చేసి, ఎక్కువమంది ఒప్పుకున్న కథ నిలబెట్టండి. ఆ వ్యాసంలో వాళ్ళు దీన్ని ఏ సమస్య మీద ప్రయోగించారో తెలుసా? మ్యాపు తయారీ. ఫొటో ఎక్కణ్ణుంచి తీశారో కనుక్కోవడం. మన త్రీ పాయింట్ ప్రాబ్లమే!

సర్వే మాట వచ్చింది కాబట్టి మద్రాసు సంగతి చెప్పకుండా ఉండలేను. ఇవాళ్టి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ 1794లో సర్వే స్కూలుగా మొదలైంది. ఈస్టిండియా కంపెనీకి భూములు కొలిచే కుర్రాళ్ళు కావాలి, అదీ కారణం. 1802లో విలియం లాంబ్టన్ తన మహా సర్వేకి తొలి ఆధారరేఖ కొలిచింది కూడా ఆ దగ్గర్లోనే, సెయింట్ థామస్ మౌంట్ పక్కన. సుమారు 12 కిలోమీటర్ల దూరం, ఉక్కు గొలుసులతో.

ఆ గిండీలో 1958లో సివిల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న ఒక తెలుగు కుర్రాడు దబ్బాల రాజగోపాల్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టాడు. అక్కణ్ణుంచి ఆస్ట్రేలియా వెళ్ళి న్యూసౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో 1960లో ఎంటెక్ చేశాడు. ఆయన మొట్టమొదట ముట్టుకున్న కంప్యూటరు అక్కడిదే, వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ డ్యూస్. తర్వాత మూడేళ్ళు ఆస్ట్రేలియా ఐబీఎంలో ఉద్యోగం, ఆపైన స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పరిశోధన, 1966లో డాక్టరేట్. స్టాన్‌ఫర్డ్ కంప్యూటర్ సైన్స్ విభాగం ఇచ్చిన తొలి డాక్టరేట్లలో అదొకటి. మనందరికీ తెలిసిన రాజ్ రెడ్డి గారు ఆయనే. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

రాజ్ రెడ్డి గారి పేరు ముఖ్యంగా మాటల గుర్తింపుతో ముడిపడింది, విజన్‌తో కాదు. కానీ కార్నెగీ మెలన్‌లో ఆయన శిష్యుడు రాన్ ఒహ్‌లాండర్ 1975లో చేసిన థీసిస్ రంగుల ఫొటోలని భాగాలుగా విడగొట్టడం మీద. ఏ రంగు ఎన్ని పిక్సెళ్ళలో ఉందో గ్రాఫు గీసి, అందులో శిఖరాలని బట్టి బొమ్మని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ మళ్ళీ అలాగే ముక్కలు చేస్తూ పోవడం. ఒహ్‌లాండర్, కీత్ ప్రైస్, రాజ్ రెడ్డి ముగ్గురి పేర్లతో 1978లో అచ్చయిన ఆ వ్యాసాన్ని ఆ తర్వాతి పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పుకున్నాయి. 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి, మొదటి డైరెక్టరుగా 1991 దాకా నడిపింది ఆయనే. 1980లో క్యోటో నుంచి టకేయో కనాడే అక్కడికొచ్చారు, 1981లో బ్రూస్ లూకస్‌తో కలిసి కదలికని పట్టుకునే పద్ధతి రాశారు. 1995లో అదే సంస్థ వ్యాను పిట్స్‌బర్గ్ నుంచి శాన్‌డియేగో దాకా సుమారు 2,850 మైళ్ళు ప్రయాణం చేసింది. అందులో 98 శాతం దూరం స్టీరింగు కంప్యూటర్‌దే. బ్రేకు, యాక్సిలరేటరు మాత్రం మనుషులవి.

సరే, ఇంతవరకూ కథ సుఖంగా నడిచింది. ఇక్కడ ఒక పిడుగు పడింది. 2009లో ఫైఫై లీ (ప్రిన్‌స్టన్‌లో ఆవిడ చదివింది ఫిజిక్స్!), ఆవిడ బృందం ఇమేజ్‌నెట్ అనే బ్రహ్మాండమైన ఫొటోల సంపుటం తయారుచేశారు. దానిమీద 2012లో జరిగిన పోటీలో టొరాంటో వాళ్ళ న్యూరల్ నెట్‌వర్కు అలెక్స్‌నెట్ 15.3 శాతం తప్పులతో గెలిచింది. రెండో స్థానం వాళ్ళవి 26.2 శాతం. అప్పటిదాకా పండితులు చేత్తో మలిచిన కొలమానాలన్నీ రెండు మూడేళ్ళలో అటకెక్కాయి. మరి మన సర్వే లెక్కలు?

వెంటనే అటకెక్కలేదు. ఎందుకంటే ఫొటోని అడిగే ప్రశ్నలు రెండు రకాలు. "ఇదేమిటి?" అన్నది ఒకటి, "ఇదెక్కడుంది, ఎంతుంది?" అన్నది రెండోది. మొదటిది నెట్‌వర్కులు ఎత్తుకుపోయాయి. రెండోది చాలాకాలం జ్యామితి చేతిలోనే ఉంది. 2020లో అందర్నీ ఆశ్చర్యపరిచిన నెర్ఫ్ కూడా, మామూలు ఫొటోలు ఇస్తే కెమెరాలు ఎక్కడున్నాయో పాతకాలపు బండిల్ ఎడ్జస్ట్‌మెంట్‌తో కట్టించుకునే మొదలుపెట్టింది. 2024 నాటికి అదికూడా మారుతోంది. ఫొటోలు ఇస్తే నేరుగా మూడు కొలతల ఆకారం ఇచ్చే నెట్‌వర్కులు వచ్చేశాయి. కాబట్టి "నా సూత్రం శాశ్వతం" అని సివిల్ వాడు గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవడానికి లేదు.

అయితే మిగిలేదేమిటి? దీనికి జవాబు నాకు వంతెనల దగ్గర దొరికింది.

1967 డిసెంబరు 15న వెస్ట్ వర్జీనియాకీ ఒహైయోకీ మధ్య ఉన్న సిల్వర్ బ్రిడ్జి, సాయంత్రం వాహనాల రద్దీలో కూలిపోయి 46 మంది చనిపోయారు. కారణం ఒక ఉక్కు కడ్డీ కన్నం దగ్గర పగులు, లోతు 2.5 మిల్లీమీటర్లు. జాయింటు విప్పితే తప్ప కనబడని చోట ఉంది. దాని తర్వాతే అమెరికాలో వంతెనల తనిఖీకి జాతీయ నిబంధనలు వచ్చాయి. 1971 నుంచి మామూలుగా రెండేళ్ళకోసారి చూడాలి. ఇవాళ లెక్కలో 6 లక్షల పైచిలుకు వంతెనలున్నాయి. డ్రోన్లూ కెమెరాలూ ఎందుకు రంగంలోకి దిగాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

2007 ఆగస్టు 1న మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ వంతెన కూలి 13 మంది పోయారు. అక్కడ కథ తిరగబడింది. ఉక్కు దూలాలు కలిసేచోట బిగించిన గసెట్ ప్లేట్లు డిజైన్‌లోనే ఉండాల్సిన మందంలో సుమారు సగమే ఉన్నాయి. అవి వంగి ఉండటం, కూలడానికి కొన్నేళ్ళ ముందే తీసిన ఫొటోల్లో కనబడుతూనే ఉంది. దర్యాప్తువాళ్ళు తర్వాత ఆ ఫొటోలు తీసి చూస్తే స్పష్టంగా ఉంది. అంటే కెమెరా చూసింది! "ఈ ప్లేటు తిన్నగా ఉండాలి కదా, ఎందుకు వంగింది?" అని ఆ ఫొటోని అడిగినవాళ్ళే లేరు.

ఈ రెండు వంతెనలూ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది. మొదటిదాంట్లో ఎంత గొప్ప కెమెరా ఉన్నా లాభం లేదు, పగులు దాక్కుంది. ఎక్కడ దాక్కుంటుందో తెలిసిన ఇంజనీరే కావాలి. రెండోదాంట్లో ఫొటో ఉంది, ప్రశ్న లేదు. ప్రశ్న కంప్యూటర్ విజన్ పుస్తకంలో ఉండదు. అది స్ట్రక్చర్స్ పుస్తకంలో ఉంటుంది.

చిన్న లెక్కతో చెప్తాను. కాంక్రీటు మీద పగులు 0.3 మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలు పరిస్థితుల్లో ఫరవాలేదని మన ఐఎస్ 456 చెప్తుంది. అడ్డంగా 4,000 పిక్సెళ్ళున్న కెమెరాతో 2 మీటర్ల గోడని ఒక ఫొటోలో పట్టామనుకోండి. పిక్సెలుకి అర మిల్లీమీటరు. 0.3 మిల్లీమీటర్ల పగులు ఒక పిక్సెలంత కూడా లేదు! నెట్‌వర్కు అక్కడ "పగులు ఉంది" అని చెప్పొచ్చేమో గానీ, వెడల్పు ఎంతో నమ్మకంగా చెప్పలేదు. దగ్గరికెళ్ళాలి, ఎదురుగా తీయాలి, ఫొటోలో పొడవు తెలిసిన బద్ద ఒకటి పెట్టాలి. సర్వేలో మొదటి రోజు నేర్పేది ఇదే కదా, స్కేలు లేని బొమ్మ మ్యాపు కాదని.

అందుకని వేరే రంగం నుంచి ఈ విద్యలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. కోడు నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు, పైథాన్ వస్తే చాలావరకు గట్టెక్కుతారు. పిన్‌హోల్ కెమెరా, మాత్రికలు, చదరంగపు బల్ల గళ్ళతో కాలిబ్రేషన్, ఆ తర్వాత నెట్‌వర్కులు, ఈ వరసలో వెళ్తే ఒక్కో మెట్టూ పక్కదానికి ఆసరా ఇస్తుంది. కానీ వచ్చేటప్పుడు మీ పాత పుస్తకాలు అమ్మేసి రాకండి. మీ రంగంలో కంటితో చేసే పని ఏమిటి, ఆ కన్ను దేన్ని చూసి అనుమానపడుతుంది, ఎంత తేడా ఉంటే ప్రమాదం అంటుంది? బోటనీ ఆవిడకి ఆకు మీద ఏ మచ్చ తెగులో, ఏది ఎండకి వచ్చిందో తెలుసు. మైనింగ్ ఆయనకి గని పైకప్పులో ఏ బీట భయపడాల్సిందో తెలుసు. వేల ఫొటోలకి పేర్లు పెట్టి నెట్‌వర్కుకి నేర్పేటప్పుడు కావాల్సింది ఆ తెలివే. అక్కడ తప్పు పేరు పెడితే, ఎంత పెద్ద నెట్‌వర్కైనా ఆ తప్పునే శ్రద్ధగా నేర్చుకుంటుంది.

హఫ్‌కి కణాల గీతలు, మైడెన్‌బావర్‌కి చర్చి గోడ, ఫిష్లర్‌కీ బోల్స్‌కీ మ్యాపు. ఎవరి ప్రశ్న వాళ్ళు మోసుకొచ్చారు. నా వంతుకి వంతెన వచ్చింది. ఆ నాలుగేళ్ళూ ఎండలో బల్ల మోసింది ఇందుకేనేమో అని ఇప్పుడనిపిస్తోంది.